వెనుక వచ్చువాడు

వాక్యభాగము: మార్కు 6:30–56

ఢిల్లీ మహానగరపు దక్షిణ భాగమున సరోజినీ నగర్ అను పేట గలదు. మొదట దాని పేరు వినయ్ నగర్. హైదరాబాదులో 1879లో జన్మించిన సరోజినీ నాయుడు గారి పేరు తరువాత దానికి పెట్టబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కేంద్ర ప్రభుత్వోద్యోగుల కొరకు అక్కడ వరుసలు వరుసలుగా క్వార్టర్లు లేచినవి. దేశపు నలుమూలలనుండి వచ్చి వాటిలో కాపురమున్న గుమాస్తాలలో తెలుగువారును ఉండిరి. 2018లో ఆ పేటకు మెట్రో రైలు వచ్చెను. అదే గులాబి మార్గములో, కొలది స్టేషన్ల అవతల, రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు గల స్టేషను కలదు. హిందీలో ఆ పేర్లు ప్రకటింపబడుచుండగా, ఇల్లు విడిచి దూరమున నున్న తెలుగువాని మనస్సు క్షణమాత్రము ఊరు చేరి వచ్చును.

చవుక బట్టల బజారుకు ఆ పేట ప్రసిద్ధి. అయితే ఆదివారము తెల్లవారుజామున దుకాణముల తలుపులింకను మూసియుండగా అక్కడ కనబడునది వేరు దృశ్యము. వీపున సంచులు, కాళ్లకు గట్టి బూట్లు, చేత నీళ్ల సీసాలు గల యువతీయువకులు గుంపుగా కూడి బండి కొరకు కనిపెట్టుచుందురు. నడకలకును, కొండలెక్కుటకును, తెడ్డు పడవలు నడుపుటకును ఏర్పడిన సంఘములవారు వీరు. ఈ అలవాటునకు ఆ ప్రాంతమున గట్టి వేళ్లున్నవి. దాపుననే చాణక్యపురిలో న్యాయ మార్గముననున్న యూత్ హాస్టలు, 1949లో ఏర్పడిన భారతీయ యూత్ హాస్టళ్ల సంఘమునకు చెందినది. బెనిటో హువారెజ్ మార్గమున భారతీయ పర్వతారోహణ సంస్థ కార్యాలయమును, శిలారోహణము నేర్చుకొనుటకు కట్టిన గోడయు ఉన్నవి. ఒక వారము ఆరావళీ పర్వతముల చివరి గుట్టలైన ఢిల్లీ రిడ్జి మీద నడక. మరియొక వారము అసోలా భట్టీ అభయారణ్యము. శలవులు కలిసి వచ్చినప్పుడు రాత్రంతయు ప్రయాణము చేసి ఋషీకేశమునకు ఎగువనున్న శివపురిలో గంగమీద తెడ్డు వేయుట. యమున ఇంటి దగ్గరనే పారుచుండగా గంగకు పోనేల అని అడుగువారున్నచో, వజీరాబాదునుండి ఓఖ్లావరకు గల 22 కిలోమీటర్ల యమునను ఒకమారు చూచి రావలెను. నది మొత్తము పొడవులో నూటికి రెండు వంతులైనను లేని ఆ కొద్ది భాగముననే దాని మాలిన్యములో అత్యధిక భాగము వచ్చి పడుచున్నది. నయమాను దమస్కు నదులను పొగడి యొర్దానును తృణీకరించెను. ఢిల్లీవాసికి తన నదిని పొగడుకొను భాగ్యము కూడ లేదు.

ఈ ఆదివారపు యాత్రలు క్రైస్తవ గృహములలో కలత పుట్టించుట కద్దు. ఒక కుటుంబమును ఊహించుకొనుడి. తండ్రి ముప్పది యేండ్లు ప్రభుత్వ కొలువు చేసి, ప్రతి ఆదివారము బస్సులు మారి తెలుగు ఆరాధనకు పోయినవాడు. కుమారుడు ఆరు దినములు కంప్యూటరు ముందు కూర్చుండి, ఏడవ దినమున కొండకు పోవుదుననుచున్నాడు. తండ్రి హెబ్రీ పత్రిక పదియవ అధ్యాయము తెరచి, సమాజముగా కూడుట మానుకొనవద్దన్న హెచ్చరికను చూపించును. కుమారుడు మార్కు సువార్త ఆరవ అధ్యాయము తెరచి, అలసిన శిష్యులను అరణ్య ప్రదేశమునకు పోయి అలసట తీర్చుకొనుడని పిలిచినది ప్రభువే గదా అనును. ఇద్దరి చేతిలోను వాక్యమే ఉన్నది. ఇద్దరును భోజనపు బల్లయొద్ద మౌనముగా లేచిపోవుదురు.

కుమారుని మాటను త్రోసివేయుటకు వీలులేదు. శిష్యులు ఇద్దరిద్దరుగా ఊళ్లు తిరిగి, బోధించి, దయ్యములను వెళ్లగొట్టి తిరిగివచ్చిరి. వచ్చు పోవు జనుల వలన వారికి భోజనము చేయ తీరిక లేకపోయెనని మార్కు వ్రాసినాడు. అప్పుడు ఆయన వారికి ఇంకొక పని చెప్పలేదు. దోనె ఎక్కుడనెను. సరస్సుమీద దోనెప్రయాణము, ఆవల పచ్చిక, ఏకాంతము: యాత్రను ఏర్పాటు చేసినవాడు క్రీస్తే. విశ్రాంతి కోరువాడు భక్తిహీనుడని తలంచు పెద్దలు ఈ వచనమునొద్ద కొంచెము నిలువవలెను.

అయితే కుమారుడు ఆ అధ్యాయమును అంతటితో మూయకూడదు. దోనె ఒడ్డు చేరునప్పటికే జనము కాలినడకను పరుగెత్తి అక్కడ చేరియుండిరి. దుకాణముల రద్దీ తప్పించుకొని కొండకు పోయినవానికి కొండమీదను బజారే ఎదురైనట్లాయెను. ప్రభువు విసుగుకొనలేదు, కాపరిలేని గొఱ్ఱెలవలె వారు ఆయనకు కనబడిరి. విశ్రాంతికని బయలుదేరిన దినము అయిదు వేలమంది పురుషులకు భోజనము పెట్టు దినముగా మారెను. శిష్యులు తాము కోరిన విశ్రాంతిని ఆనాడు పొందిరో లేదో మార్కు చెప్పడు. పండ్రెండు గంపలు మోసినట్లు మాత్రము తెలియుచున్నది.

ఇందులో తండ్రీకొడుకుల తగవు తీర్చు సూత్రమేదియు లేదు. ఢిల్లీలో ఒకే ఆలయమును పలు భాషల సంఘములు వేర్వేరు గడియలలో వాడుకొనుట ఉన్నదే గనుక, ఉదయము నడిచి సాయంత్రము ఆరాధించు వీలు కొందరికి దొరకును. అందరికిని దొరకదు. ప్రతి ఆదివారమును కొండకే ఇచ్చువాడు నడకను ఆరాధన చేసికొనుచున్నాడేమో తన్ను తాను పరీక్షించుకొనవలెను. కుమారుని కొండకు పోనీయని తండ్రి, వానిని ఆ ఉదయమున ఎవరు నడిపించుచున్నారో ఎన్నడైనను అడిగి తెలిసికొనెనా?

ఎందుకనగా, గుంపునడకలో నేర్వదగినది కలదు. ఇటువంటి సంఘములు నడకకు బయలుదేరునప్పుడు ముందు ఒకడు, వెనుక ఒకడు నియమింపబడుదురు. ముందువానికి త్రోవ తెలిసియుండవలెను. వెనుకవానిని వారు స్వీప్ అందురు. అతని పని ఒక్కటే: తనకు వెనుక ఎవరును మిగులకుండ చూచుట. బూటు దారము కట్టుకొనుటకు ఆగినవాడు, ఊపిరి అందక రాతిమీద కూలబడినవాడు, ఊరక పువ్వును చూచుచు నిలిచినవాడు, వీరందరును అతని ముందే ఉండవలెను. అతడు శక్తిగలవాడై యుండవలెను. చికిత్స సంచి అతనియొద్దనే ఉండుట మంచిది. బలవంతులకు ముందు నడువవలెనని ఆశ. గుంపులో మిక్కిలి బలవంతుడు మిక్కిలి మెల్లగా నడుచువాని ప్రక్కన నడువవలెనన్నది వారి నియమము.

ఇందులో కొత్తవారు చేయు తప్పిదము ఒకటున్నది. ముందువారు చకచక నడిచి ఒక చెట్టు నీడను కూర్చుందురు. నీళ్లు త్రాగుదురు, నవ్వుకొందురు, పావుగంట సేదదీరుదురు. ఇంతలో వెనుకవాడు చెమటలు కారుచు వచ్చి చేరును. అతడు సంచి దించునంతలో ముందువారు, అందరమును వచ్చితిమి, ఇక పోదమని లేచెదరు. విశ్రాంతి అక్కరలేనివారికి విశ్రాంతి దొరికెను. అక్కరగలవానికి ఒక్క నిమిషమును దొరకలేదు. దినమంతయు ఇట్లే జరుగును. సాయంకాలమున వానికి కాలు మడతపడినచో, జాగ్రత్తగా నడువలేదని వానినే నిందింతురు. అనుభవముగల నాయకుడు అట్లు చేయనియ్యడు. చివరివాడు వచ్చి, కూర్చుండి, నీళ్లు త్రాగి, అతని ఊపిరి నెమ్మదించిన తరువాతనే అతడు లేచును.

చదువరులారా, మన సంఘములలో ఇది జరుగుట లేదా? కన్వెన్షను ఏర్పాట్లు, ఆలయ విస్తరణకు చందాలు, క్రొత్త కీర్తనల అభ్యాసము, ఇవన్నియు ముందువారి నడక. భర్త పోయి ఆరు నెలలైనను కానుకల కవరు యథాప్రకారము తన పేరున వచ్చుట చూచి ఏమి చేయవలెనో తెలియని స్త్రీ వెనుక వచ్చుచున్నది. పాలమూరు జిల్లానుండి కట్టడపు పనులకై దేశమంతయు తిరిగిన కూలీల బిడ్డ, పాటల పుస్తకము చదువ రాక చివరి బెంచీమీద పెదవులు కదపుచున్నది. వారు వచ్చి చేరునప్పటికి సంఘము మరియొక కార్యక్రమమునకు లేచిపోయి యుండును.

యాకోబు ఈ నడక తెలిసినవాడు. ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు నాలుగు వందల మందితో ఎదురువచ్చి, కలిసి పోదమనెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, గొఱ్ఱెలు మేకలు పాలిచ్చునవి. ఒక్కదినము వడిగా తోలినను మంద చచ్చును గనుక, వాటి నడకనుబట్టియు పిల్లల నడకనుబట్టియు తాను మెల్లగా వచ్చెదనని చెప్పెను. (యాకోబు ఉద్దేశము పూర్తిగా నిష్కపటమని చెప్పలేము. శేయీరుకు వచ్చెదనని చెప్పి సుక్కోతుకు పోయినాడు. అయినను మందను గూర్చి అతడు చెప్పినది నిజమే.)

మోషే ధర్మశాస్త్రము దీనినే మరింత కఠినముగా చెప్పుచున్నది. అమాలేకీయులమీద దేవునికి అంత కోపమేలయని అనేకులు ఆశ్చర్యపడుదురు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము కారణము చూపుచున్నది: ఇశ్రాయేలీయులు అలసి సొలసియుండగా వారు ముందున్న యోధుల మీదికి రాలేదు, వెనుకబడిన బలహీనులను హతము చేసిరి. సంఖ్యాకాండము 10వ అధ్యాయము చూడుడి. పాళెములన్నియు సాగునప్పుడు దాను గోత్రము అన్నిటికిని వెనుక నడువవలెనని నియమింపబడెను. సీనాయియొద్ద లెక్కింపబడినప్పుడు యూదా తరువాత సైనికుల సంఖ్యలో పెద్దది దాను గోత్రమే: 62,700. యూదా ముందు, దాను వెనుక. ఆ రెండు గోత్రముల మధ్య వృద్ధులు, గర్భిణులు, పిల్లలు నడిచిరి. బబులోనునుండి తిరిగివచ్చువారికి యెషయా 52వ అధ్యాయమున ఇవ్వబడిన వాగ్దానములో అయితే రెండు స్థలములును ఒక్కనివే: ముందు నడుచువాడును యెహోవాయే, వెనుక కావలి కాయువాడును ఆయనయే.

కొండల విషయమున తెలుగువారు చెప్పుకొనదగిన సంగతి యొకటి కలదు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరము చేరిరి. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు ఇంకను నిండలేదు. వారి మొదటి పాఠము హిమాలయమున కాదు, భువనగిరి కొండమీద. దేశములో వెనుక నిలుపబడిన గృహములనుండి వచ్చిన పిల్లలు భూమిమీద అన్నిటికంటె ఎత్తయిన స్థలమున నిలిచిరి. అంతకుముందు 2006లో ఏడు ఖండముల ఎత్తయిన శిఖరములను 172 దినములలో ఎక్కిన నెల్లూరు జిల్లా వాసి మల్లి మస్తాన్ బాబు, 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా పోయి తిరిగిరాలేదు. ఆయన కొరకు భూగోళమునకు ఆవలి వైపున వెదకిరి. ఏప్రిలులో దేహము దొరికెను. దానిని ఆయన స్వగ్రామమునకు తెచ్చిరి. ఆ వెదకినవారు చేసినది తేలికపని కాదు. ఒక్కని కొరకు కొండలు వెదకుట ఎట్టిదో వారికి తెలియును.

ఇక తెడ్డు సంగతి. శివపురిలో గాలి నింపిన రాఫ్టు ఎక్కువారికి ఒడ్డుననే ఉపదేశము జరుగును. లైఫ్ జాకెట్టు పట్టీలను గైడు తానే లాగి చూచును; కట్టుకొంటినన్న మాట చాలదు. ముందు కూర్చున్న ఇద్దరినిబట్టి తక్కినవారందరు తెడ్డు వేయవలెను. నీళ్లలో పడినవాడు నిలువబడ చూడక, కాళ్లను ప్రవాహము పోవు దిక్కునకు చాచి వెల్లకిల తేలవలెను; రాళ్ల మధ్య కాలు చిక్కినచో మోకాలిలోతు నీళ్లును మనుష్యుని ముంచివేయును. వీటన్నిటిలో ఆచరించుట కష్టమైనది ఒకటున్నది. సుడిలోనికి రాఫ్టు దిగగానే ప్రతివాడును తెడ్డు విడిచి త్రాటిని పట్టుకొనవలెనని చూచును. అప్పుడే వెనుకనుండి గైడు కేక వేయును: ఆపవద్దు, వేయుడి! తెడ్డు నీళ్లలో ఉన్నంతకాలము అది పడవను నడుపుటయే గాక వేయువానిని కూడ నిలుపును. అందరును భయపడి మానినయెడల పడవ అడ్డము తిరుగును. గైడు కూర్చుండునది ముందు కాదు, చివర. వేయువారికి ఆయన కనబడడు. ఆయన కేక మాత్రము వినబడును.

ఇప్పుడు మరల గలిలయ సరస్సునకు పోవుదము. సముద్రమట్టమునకు ఇంచుమించు 210 మీటర్లు క్రిందుగా, చుట్టును గుట్టలతో నున్న సరస్సది. గాలి హఠాత్తుగా దిగును. జనములకు భోజనమైన పిమ్మట ప్రభువు శిష్యులను బలవంతము చేసి దోనె ఎక్కించెను. ముందుగా వారిని పంపెను. పిమ్మట జనసమూహమును పంపివేసెను. అందరును పోయిన తరువాత తాను కొండ ఎక్కి ప్రార్థన చేసెను. ఈ వరుస గమనింపదగినది. ఆ దినమున ఆ పచ్చికను చివరిగా విడిచినవాడు క్రీస్తు. భోజనము చేసి నిద్రించిన పిల్లవాడొకడు, కుంటుచు నడుచు ముసలియొకతె ఆ చీకటిలో వెనుకబడియుండినచో, వారిని చూడకుండ ఆయన కొండ ఎక్కలేదు.

సాయంకాలమున బయలుదేరిన దోనె రాత్రి నాలుగవ జామున, అనగా మూడు గంటలు దాటిన పిమ్మట, ఇంకను నీళ్లలోనే ఉన్నది. యోహాను ఇచ్చిన కొలతనుబట్టి వారు పోయినది ఇంచుమించు అయిదు కిలోమీటర్లు. రాత్రి పొడుగునా తెడ్డు వేసి అయిదు కిలోమీటర్లు! వారు త్రోవ తప్పినవారు కారు; ఆయన పొమ్మన్న దిక్కుననే పోవుచుండిరి. యోనా అవిధేయుడై తుపానులో పడెను. వీరు విధేయులై ఎదురుగాలిలో పడిరి. ఈ రెంటి భేదము తెలియక, కష్టము వచ్చిన ప్రతివానిని నీ పాపమేదో వెదకుకొనుమని వేధించు బోధకులు మన మధ్య ఉన్నారు.

ఆయన కొండమీదనుండి వారిని చూచెనని మార్కు చెప్పుచున్నాడు. అయితే చూచిన వెంటనే రాలేదు. ఆలస్యమునకు కారణము వ్రాయబడలేదు. మరియు ఆయన వారిని దాటిపోవలెనని యుండెనను మాట అనేకులకు అడ్డుబండగా నున్నది. యోబు 9వ అధ్యాయమున సముద్ర తరంగములమీద నడుచువాడు దేవుడొక్కడే. తన ప్రక్కగా ఆయన దాటిపోయినను తనకు తెలియుట లేదని యోబు అక్కడనే విలపించెను. సీనాయిమీద మోషే యెదుట యెహోవా దాటిపోవుట ఆయన మహిమను కనుపరచుటయే. మార్కు ఆ మాట వాడినప్పుడు నిర్లక్ష్యమును గూర్చి వ్రాయుచుండలేదు.

తెడ్డు వేయు విధమును గూర్చి ఒక చిన్న సంగతి. రాఫ్టులో ముందునకు చూచుచు తెడ్డు వేయుదురు. అయితే పొడవైన తెడ్లతో దోనె లాగువారు సాధారణముగా దోనె ముఖమునకు వీపు త్రిప్పి కూర్చుందురు. వారు పోవు గమ్యము వారికి కనబడదు, విడిచి వచ్చిన ఒడ్డే కనబడును. ఆ రాత్రి శిష్యులును అట్లే కూర్చుండిరేమో. వారు చేరవలసిన బేత్సయిదా వారి వీపు వెనుక చీకటిలో నున్నది. వారి కన్నులు రొట్టెలు విరిచిన ఒడ్డువైపు తిరిగియున్నవి. ఆ ఒడ్డు విడిచి ఆయన వచ్చుచుండెను. అందుచేతనే కాబోలు, అందరును ఆయనను చూచిరి. చూచి, భూతమనుకొని కేకలు వేసిరి. సహాయము వచ్చినప్పుడు దానిని గుర్తింపక భయపడుట ఆనాటి శిష్యులతో ముగియలేదు. రొట్టెల సంగతి వారు గ్రహింపలేదని మార్కు మొగమాటము లేకుండ వ్రాసినాడు. పండ్రెండు గంపలు మోసిన చేతులే ఆ తెడ్లు వేయుచుండెను.

సరోజినీ నగర్‌లో పాత క్వార్టర్లను పడగొట్టి ఎత్తయిన భవనములు లేపుటకు పూనుకొన్నారు. 2018లో దక్షిణ ఢిల్లీ కాలనీలలో వేలాది చెట్లు నరుకబడనున్నవని తెలిసి, జనులు వీధులలోనికి వచ్చి మ్రానులను కౌగిలించుకొనిరి. ఆ సంగతి హైకోర్టు వరకు పోయెను. (పట్టణమును ముట్టడించువారు కూడ ఫలవృక్షములను నరుకరాదని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము చెప్పుచుండగా, శాంతికాలమున ఇండ్లు కట్టుకొనువారు వేపచెట్టును ఒకమారు తల ఎత్తి చూడరాదా?) క్వార్టర్లు ఖాళీ చేసిన కుటుంబములు ఒకటి ద్వారకకు, ఒకటి నోయిడాకు, ఒకటి పదవీ విరమణ తరువాత గుంటూరుకు చెదరిపోయినచో, ఏండ్ల తరబడి ఒకే గదిలో బుధవారపు ప్రార్థనకు కూడినవారు ఇప్పుడు ఒకరికొకరు ఫోనులో పలుకరించుకొనవలసినదే. ఆ ప్రార్థనలో అందరికంటె చివర లేచి, గుమ్మమునొద్ద చెప్పులు వరుసగా పెట్టి, ఎవరు రాలేదో లెక్క చూచుకొను అమ్మగారు యొకరు మీ కూడికలోను ఉండవచ్చును. ఆమెకు సంఘములో ఏ పదవియు ఉండదు. ఆ వారము రానివారి ఇంటికి ఆమెయే ఆటోలో పోవును.

ప్రభువు దోనె ఎక్కగానే గాలి అణగెను. వారు బేత్సయిదాకు పోవలెనని బయలుదేరిరి, దిగినది గెన్నేసరెతులో. గాలి వారిని ఎక్కడికి త్రోసెనో అక్కడనే ఆయన దిగెను, అక్కడనే పని ఆరంభించెను. ఆ తీరముననే, గినోసరునొద్ద, 1986లో కరవు వలన సరస్సు నీరు తగ్గినప్పుడు, ఇద్దరు జాలరి సోదరులు బురదలో ఒక ప్రాచీన దోనెను కనుగొనిరి. క్రీస్తు దినములకు దగ్గరి కాలమునకు చెందినది. ఎనిమిది మీటర్లకు కొంచెము పైగా పొడవు, రెండు మీటర్లకు పైగా వెడల్పు. శిష్యుల దోనె అదియేయని ఎవరును చెప్పలేరు. పలు రకముల కలప ముక్కలతో మరల మరల అతుకులు వేయబడిన బీదవాని దోనె అది. ఏ చెక్క దొరికిన ఆ చెక్కతో బాగుచేసి, ఇక బాగుకాదన్నంతవరకు దానిని నీళ్లలో నడిపినారు.

గెన్నేసరెతులో వారు దోనె కట్టి దిగగానే జనులు ఆయనను గుర్తుపట్టిరి. రాత్రంతయు తెడ్డు వేసిన పండ్రెండుమంది చేతులు ఇంకను బొబ్బలతోనే ఉండియుండవచ్చును. ఆ ప్రాంతమంతట జనులు పరుగెత్తుకొనిపోయి, నడువలేనివారిని మంచములమీద మోసికొని, ఆయన ఎక్కడ ఉన్నాడని విందురో అక్కడికి తేసాగిరి.